అట్టపెట్టెలో మబ్బు

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే చిత్తూరు నుంచి చిన్నమ్మ ఫోను. బాగున్నావా అని కూడా అడగలేదు. "రేయ్ అబ్బోడా, పార్సిలు తిరిగొచ్చింది. పద్నాలుగు జతలూ అట్టే వొచ్చేసినాయి" అంది.

చిన్నమ్మ మట్టి నగలు చేస్తుంది. బంకమట్టిని జల్లెడపట్టి, పిసికి, జుంకీలుగా, పతకాలుగా, పూసలుగా మలిచి, నీడలో ఆరబెట్టి, కాల్చి, రంగు వేస్తుంది. మొదలుపెట్టినప్పుడు కాలక్షేపమే. చిన్నాయన రిటైరయ్యాక పాల బిల్లు, కరెంటు బిల్లు ఆ జుంకీల మీదే నడుస్తున్నాయి. బెంగళూరులో ఎవరింట్లోనో పెళ్లి అట. పెళ్లికూతురి స్నేహితురాళ్లందరూ ఒకే రకం జుంకీలు పెట్టుకోవాలని ముచ్చటపడ్డారు. చిన్నమ్మ ఒక జత ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. వాళ్లు చూసి సరేనన్నారు. పార్సిలు విప్పాక మాత్రం మొహాలు మారిపోయాయి. ఫొటోలో ఉన్నది వక్క రంగు, వచ్చింది ఇటుక రంగు, చీరలకు కలవడం లేదు అని మర్నాడే వెనక్కి పంపేశారు. పోను, రాను కొరియర్ ఖర్చు చిన్నమ్మ నెత్తిన పడింది.

"నేను చేసింది ఇటుక రంగే కదరా. ఫొటోలో వక్క రంగు ఎట్లొచ్చింది? నేనేమన్నా మోసం చేసినానా?" అని అడిగింది. ఆ చివరి మాట అంటున్నప్పుడు గొంతు కాస్త బొంగురుపోయింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట పడ్డందుకు.

ఆ ఫొటో నాక్కూడా పంపింది. చూడగానే సంగతి అర్థమైంది. రాత్రి పూట, వంటింటి ట్యూబులైటు కింద, తెల్లటి తువ్వాలు పరిచి దాని మీద జుంకీలు పెట్టి తీసింది. ఫోను పట్టుకున్న చేతి నీడ సగం జుంకీల మీదే పడింది. తువ్వాలు బూడిద రంగులోకి తిరిగింది, జుంకీలు చీకట్లోకి జారిపోయాయి. తప్పు చిన్నమ్మదీ కాదు, ఆ పెళ్లివాళ్లదీ కాదు. వెలుతురుది.

చిన్నమ్మలాంటివాళ్లు మన వైపు ఎంతమందో. పలమనేరు దగ్గర మట్టితో కుండలూ బొమ్మలూ చేసేవాళ్లున్నారు. ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్కలో దేవుళ్లను చెక్కేవాళ్లున్నారు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు గీసే కలంకారీ వాళ్లున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి కొందరు తిరుపతి జిల్లాలోకి, కొందరు చిత్తూరు జిల్లాలోకి వెళ్లారుగానీ కష్టం మాత్రం ఒక్కటే. ఒకప్పుడు కొనేవాడు గుడికొచ్చి, అంగట్లో వస్తువును చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి బేరమాడేవాడు. ఇప్పుడు ఎక్కడో హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చుని అరచేతిలో ఫోను తెరమీద చూస్తున్నాడు. వారం రోజుల పని ఒక్క ఫొటో మీద ఆధారపడి ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొంచెం ఆలోచిస్తే మీకే తడుతుంది... మన వైపు చేతిపనిలో ఎరుపుదే పెత్తనం! కాల్చిన మట్టి ఎరుపు, ఎర్రచందనం ఎరుపు, కలంకారీలో పటిక పట్టిన చోట తేలేదీ ఎరుపే. చవకరకం ఎల్‌ఈడీ బల్బులకు సరిగ్గా చూపించడం చేతకానిది కూడా ఆ ఎరుపే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పెట్టె.

మా ఆఫీసు ఫొటోగ్రాఫర్ అన్నకు ఈ గోడు చెప్పుకుంటే నవ్వి, "ఎండలో తీస్తే నీడలు కత్తుల్లా పడతాయి కదా, మబ్బు పట్టిన రోజు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. నిజమే. వేసవిలో మిట్టమధ్యాహ్నం తిరుపతి వీధిలో నిలబెట్టి ఎవరినైనా ఫొటో తీయండి, కళ్ల కింద నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలాంటి నీడ. అదే వాన ముందు మబ్బు కమ్మినప్పుడు తీస్తే మొహమంతా హాయిగా ఉంటుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు కనిపించేది చిన్న బిళ్లంతే. చిన్న చోటు నుంచి వచ్చే వెలుతురు నీడకు పదును పెడుతుంది. మబ్బు ఆ వెలుతురును ఆకాశమంతా పరిచేస్తుంది. అన్ని వైపుల నుంచీ కాంతి వస్తుంది కాబట్టి ఒకవైపు నీడను ఇంకోవైపు వెలుతురు తుడిచేస్తుంది. ఫోనుకుండే ఫ్లాషు ఆ సూర్యుడికి పిల్ల తమ్ముడు. కాబట్టి దాని జోలికి మాత్రం వెళ్లకండి.

ఆ మబ్బును ఇంట్లో తెచ్చి పెట్టుకోవడమే మన పని. స్టూడియోల వాళ్లు దీన్ని లైట్ టెంట్ అంటారు. మడిచి సంచిలో పెట్టుకునే రెడీమేడ్‌వి, లోపలే లైట్లు బిగించినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రోజూ పాతిక వస్తువులు ఫొటో తీసేవాళ్లయితే అది కొనుక్కోండి, తప్పులేదు. నెలకు నాలుగుసార్లు తీసేవాళ్లకు అట్టపెట్టె చాలు.

పెట్టె కోతలు

ఆ మధ్యాహ్నమే చిత్తూరు బస్సెక్కాను. చిన్నమ్మ ఇంట్లో అటక మీద టేబుల్ ఫ్యాను వచ్చిన అట్టపెట్టె ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఇంచుమించు పద్దెనిమిది అంగుళాలు. జుంకీలకూ జానెడు బొమ్మలకూ సరిపోతుంది. వస్తువుకన్నా పెట్టె రెండింతలు పెద్దదిగా ఉండాలని గుర్తు పెట్టుకుంటే చాలు. మిక్సీ డబ్బా అయితే మరీ ఇరుకు.

మూత రెక్కలున్న వైపును మన వైపు తిప్పి పెట్టెను పడుకోబెట్టాలి. ఆ రెక్కలు కోసేస్తే అదే ముందు వాకిలి. ఇక కుడి, ఎడమ, పైన, ఈ మూడు వైపులా కిటికీలు కోయాలి. అంచుల్లో రెండేసి అంగుళాల అట్ట వదలండి. ఆ కాస్తా వదలకపోతే పెట్టె పాత గొడుగులా ఒరిగిపోతుంది. నేను మొదటిసారి ఒక అంగుళమే వదిలాను, పైకప్పు కూలింది. చిన్నాయన గడప మీద కూర్చుని చూస్తూ "డిప్లొమాలో ఇది నేర్పలేదా?" అన్నాడు. నేర్పలేదు. రంపపు పళ్ల కత్తి అయితే అట్ట సుళువుగా తెగుతుంది, బ్లేడు అయితే వేళ్లు కూడా తెగుతాయి.

కిటికీలకు లోపలి నుంచి తెల్లటి పల్చటి బట్ట బిగుతుగా లాగి అంటించాలి. పాత మల్లు పంచె అయితే శ్రేష్ఠం. బట్టల దుకాణానికి వెళ్లి కొత్తది కొనక్కర్లేదు. కానీ ఒక్కటి చూసుకోండి, ఉతికేటప్పుడు నీలిమందు దట్టంగా పెట్టిన పంచె వద్దు. దాంట్లోంచి వడిసి వచ్చే వెలుతురుకూ ఆ నీలం ఛాయ అంటుకుంటుంది. చిన్నాయన పంచెల బొత్తిలోంచి కాస్త పసుపు తిరిగింది ఒకటి, తెల్లనిది ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూశాం. తెల్లనిదే కావాలన్నాను. అది పండక్కి దాచుకున్నదట. ఆయన ఏదో అనబోయేలోపే చిన్నమ్మ కత్తెర వేసేసింది. పంచె దొరక్కపోతే బేకరీవాళ్లు వాడే బటర్ పేపరు, ఇంజనీరింగ్ పిల్లలు వాడే ట్రేసింగ్ కాగితం కూడా పనికొస్తాయి. పాలిథిన్ కవరు వద్దు, దాని మెరుపు వస్తువు మీద పడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. బజారు వీధిలో పుస్తకాల అంగడికి వెళ్లి తెల్ల చార్టు ఒకటి తెచ్చాను. దాన్ని పెట్టె వెడల్పుకు కోసి, ఒక కొసను లోపల వెనకగోడ పైఅంచుకు అంటించి, మిగతాది కిందికి వదిలి ముందుకు లాగాలి. వెనకగోడ, నేల కలిసే మూల దగ్గర చార్టును మడవకూడదు. ఊయలలా వంపు తిరగనివ్వాలి. మడిచారా, ఫొటోలో జుంకీ వెనకాల అడ్డంగా గీత ఒకటి కనబడుతుంది. వంపు ఉంటే నేల ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, వస్తువు గాల్లో నిలబడినట్టుంటుంది. దుకాణాల కేటలాగుల్లో చూసి 'ఇదెలా తీస్తారబ్బా' అనుకుంటామే, అదింతే. వస్తువును ఆ వంపుకు ఆనించకుండా నాలుగైదు అంగుళాలు ముందుకు పెట్టండి.

రెండు టేబుల్ ల్యాంపులు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. బట్టకు జానెడు దూరంలో. దగ్గరకు జరిపితే బట్ట మీద చిన్న వెలుగు మచ్చ పడుతుంది, మనకు కావలసింది బట్టంతా వెలగడం. రెండింట్లోనూ ఒకే కంపెనీ, ఒకే రకం బల్బులు ఉండాలి. డబ్బా మీద కూల్ డే లైట్ అనీ, 6500 కెల్విన్ అనీ రాసి ఉంటుంది, అది ఎండకు దగ్గరి తెలుపు. పాతకాలం ఫిలమెంటు బల్బుల వెలుతురు 2700 కెల్విన్ దగ్గర పసుప్పచ్చగా ఉంటుంది. ఒకవైపు అది, ఇంకోవైపు ఇది పెడితే జుంకీ సగం పసుపు, సగం నీలం. అందుకే ఫొటో తీసేటప్పుడు ఇంట్లో మిగతా దీపాలన్నీ ఆర్పేయండి, కిటికీ తలుపులూ మూసేయండి. అన్నట్టు, ఆ పాత నూరు వాట్ల బల్బులు బట్ట పక్కన పెట్టడం ప్రమాదం కూడా. కాసేపటికే కమురు వాసన వస్తుంది. ఎల్‌ఈడీ అయితే ఆ భయం తక్కువ, అయినా వెలుగుతుండగా వదిలేసి వెళ్లకండి.

కరెంటు లేకపోతే? మన ఊళ్లలో ఆ ప్రశ్న న్యాయమే. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టెను పెట్టి, రెండోవైపు తెల్ల చార్టు నిలబెడితే సరి. ఉత్తరం వైపు కిటికీ అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు పెద్దగా మారదు.

మొత్తం ఖర్చు చార్టు, టేపు, రెండు బల్బులు. ల్యాంపులు ఇంట్లో ఉన్నవే, ఒకటి మనవడు చదువుకునేది.

మొదటి ఫొటో తీసి అందరం ఫోను మీదికి వంగాం. నీడల్లేవు, గీత లేదు. కానీ జుంకీలు మళ్లీ వక్క రంగే!

చిన్నమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. విషయం ఏమిటంటే, కెమెరాకు తెలుపంటే ఏమిటో తెలియదు. ఎదురుగా ఉన్న దృశ్యమంతా కలిపితే మధ్యస్థమైన బూడిద రంగు వస్తుందని దాని లెక్క. నలుపూ తెలుపూ కలగలిసిన మామూలు వీధి ఫొటోలో ఆ లెక్క సరిపోతుంది. మన పెట్టె నిండా తెలుపే. అబ్బో ఇంత వెలుతురా అని బెదిరి, కెమెరా మొత్తాన్ని తగ్గించేస్తుంది. తెల్ల చార్టు బూడిద అవుతుంది, ఇటుక వక్క అవుతుంది. చిన్నమ్మ తువ్వాలు విషయంలో జరిగిందీ ఇదే. తెలుపు మీద పెడితే బాగా కనబడుతుందని ఆవిడ అనుకుంది, కెమెరా ఇంకోలా అనుకుంది.

మందు తేలికే. ఫోను తెర మీద జుంకీ ఉన్నచోట వేలితో తాకి కాసేపు అదిమి పట్టుకోండి. చాలా ఫోన్లలో అక్కడ చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని వేలితో పైకి జరుపుతూ పోతే చార్టు తెల్లబడుతుంది. చార్టు తెల్లగా అయి, ఇంకా జుంకీ మీది గీతలు చెరిగిపోని చోట ఆపాలి. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటికి, ఒకటిన్నరకు పెంచితే అదే పని. తెర మీద అడ్డచారలు పాకుతుంటే కంగారుపడకండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి కొన్ని చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కన్ను పట్టుకోలేనిది ఫోను పట్టుకుంటుంది. బల్బు మారిస్తే పోతుంది.

ఇంకొక్క పొరపాటు అందరం చేస్తాం. వస్తువు చిన్నది కదా అని ఫోనును దాని ముక్కు మీదికి తీసుకెళతాం. అప్పుడు ముందున్న జుంకీ బూరెలా, వెనకున్నది రేగుపండులా వస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి, జూమ్ రెండుకు పెట్టుకుని తీస్తే రెండూ ఒకే సైజు. ఫోను కదలకుండా పుస్తకాల దొంతర మీద ఆనించి, టైమరు పెట్టి తీయండి. పక్కనే అగ్గిపెట్టె పెట్టి ఒక ఫొటో విడిగా తీసి పంపితే 'ఇంత చిన్నవా!' అనే ఫిర్యాదూ ఉండదు.

ఐదో ఫొటోకి ఇటుక రంగు ఇటుక రంగుగా వచ్చింది. చిన్నమ్మ జుంకీని చేతిలోకి తీసుకుని, ఫోను పక్కన పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూసింది. "ఇదిరా నాది" అంది.

ముక్కు ఏదబ్బా?

కథ ఇక్కడితో అయిపోతే ఈ వారం శీర్షిక కూడా ఇక్కడితో అయిపోయేది. ఆ పెట్టెతో నేను కాస్త పొగరెక్కి, తర్వాతి వారం వేరే పని మీద మాధవమాల వెళుతూ దాన్నీ వెంట తీసుకెళ్లాను.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో, ఏర్పేడు వైపు ఉంటుంది మాధవమాల. ఉలి చప్పుడే ఊరి చప్పుడు. అక్కడ ఓ పెద్దాయన జానెడు వేంకటేశ్వరస్వామి విగ్రహం అప్పుడే ముగించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతున్నాడు. నేను పెట్టె తెరిచి, ల్యాంపులు బిగించి, విగ్రహాన్ని లోపల పెట్టి, చిన్నమ్మకు నేర్పినవన్నీ నేనూ చేసి ఫొటో తీసి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బాగుండాది సార్. ముక్కు ఏదబ్బా?"

మళ్లీ చూశాను. ముక్కుంది, కానీ లేదు. కిరీటం మీది పూలు, మెడలో హారాలు, పట్టుపంచె కుచ్చిళ్లు, అన్నీ ఎవరో తెల్ల కాగితం మీద గీసినట్టు చదునుగా ఉన్నాయి. మూడు రోజులు ఉలి లోతుగా దిగినచోట్లన్నిటినీ నా పెట్టె పూడ్చేసింది.

ఆలోచిస్తే అదెంత సహజం! చెక్కడమంటేనే నీడలు చేయడం. మిట్టకు వెలుతురు, పల్లానికి నీడ, ఆ రెంటి తేడాయే మనకు ముక్కుగా, కుచ్చిళ్లుగా కనబడేది. పాత గుళ్లలో స్తంభాల మీది శిల్పాలను పొద్దునో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూస్తే ఒక్కో గజ్జె విడివిడిగా లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నం చూస్తే మొద్దు రాయి. నీడ శత్రువని చెప్పి, దాన్ని పూర్తిగా తరిమేసి, చెక్కినవాడి పని చెక్కినవాడికే కనబడకుండా చేశాను.

పెద్దాయనే దారి చూపించాడు. "ఒక దీపం ఆర్పు సార్" అన్నాడు. ఎడమ దీపం ఆర్పాం. కుడిదాన్ని కాస్త పైకెత్తి, ముందుకు జరిపి ఏటవాలుగా పెట్టాం. ఇప్పుడు ముక్కొచ్చింది. అయినా ఎడమవైపు గోడకున్న తెల్లబట్ట వెలుతురును తిప్పికొట్టి నీడలను పల్చబరుస్తోంది. ఆయన ఇంట్లో మనవరాలి స్కూలు ప్రాజెక్టు కోసం తెచ్చిన నల్ల చార్టు ముక్క దొరికింది. దాన్ని లోపల ఎడమవైపు నిలబెట్టాం. అంతే! కిరీటం మీద ఒక్కో పూవు లేచి నిలబడింది. నీడలున్నాయి, కానీ ఎండలోలా కత్తుల్లా లేవు, అంచులు మెత్తగా ఉన్నాయి. పెద్దాయన ఏమీ అనలేదు. వేలితో తెర మీద ఆ ఫొటోను పెద్దది చేసి, పాదాల దగ్గరికి జరిపి, అక్కడ కాసేపు ఆగాడు. వేళ్లు, వాటి గోళ్లు.

కాబట్టి పుస్తకాల్లో నీడలే లేని ఫొటో మంచి ఫొటో అని ఉంటే నమ్మకండి. నున్నటి వస్తువుకు రెండు దీపాలు, చెక్కడం ఉన్నదానికి ఒకటిన్నర, అని నా లెక్క. మట్టి నగల్లో కూడా గీతలు, చుక్కలు ఒత్తిన పతకాలకు ఇదే పద్ధతి. చిన్నమ్మకు ఫోను చేసి చెప్పాను. "నల్ల చార్టు కూడా కొనాల్నా? నువ్వు ఖర్చు లేదంటివే" అంది.

ఇత్తడి, వెండి వస్తువులది ఇంకో తంటా. కుంకుమ భరిణె ఫొటో తీసి చూస్తే దాని బొజ్జ మీద నా గళ్ల చొక్కా, నా ఫోను, నా వెనక తలుపు అన్నీ ఉన్నాయి. మెరిసే లోహం అద్దంలాంటిదే, ఎదురుగా ఏదుంటే అది చూపిస్తుంది. పెట్టె ముందు వాకిలికి కూడా తెల్ల చార్టు వేలాడదీసి, మధ్యలో ఫోను కన్ను పట్టేంత చిల్లు చేసి దాంట్లోంచి తీయాలి. అప్పుడు భరిణెకు చుట్టూ తెలుపు తప్ప ఏమీ కనబడదు. మరీ తెల్లగా పాలిపోయినట్టుంటే పక్కన సన్నటి నల్ల కాగితం పట్టీ నిలబెట్టండి. అంచున చక్కటి నల్లగీత పడి గుండ్రదనం తెలుస్తుంది.

ఎర్రచందనం బొమ్మ గురించి రెండు మాటలు. తూర్పు కనుమల దక్షిణపు కొసన, మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ఆ చెట్టు సహజంగా పెరగదు. దొంగరవాణా వార్తల్లో తప్ప దాని పేరు వినబడకుండా పోవడం మన దౌర్భాగ్యం. బొమ్మ కొనేవాళ్లు అనుమతి కాగితాలు ఉన్న చెక్కేనా అని అడగడం మర్యాద తక్కువేం కాదు. దాని రంగు అప్పుడే చెక్కినప్పుడు ఒకలా, ఏళ్లు గడిచాక ఇంకోలా ఉంటుంది. ముదిరేకొద్దీ నలుపులోకి తిరుగుతుంది. దసరా కొలువులో అమ్మమ్మల నాటి జంట బొమ్మలను చూశారుగా, తమిళం మాట్లాడే ఇళ్లలో మరపాచి అంటారు, అవి నల్లగా నిగనిగలాడేది అందుకే. పోయినేడు తీసిన ఫొటోతో ఈ ఏడు బొమ్మ అమ్మితే మళ్లీ పార్సిలు వెనక్కే. అమ్మే రోజు ఫొటో ఆ రోజే తీయాలి.

ఇక మొదట్లో దాటేసిన ఎరుపు సంగతి. శ్రీకాళహస్తి కలంకారీలో రంగులన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే. బట్టను కరక్కాయ, పాలలో నానబెడతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీస్తారు. పటిక ఎక్కడ పూస్తే అక్కడ ఎరుపు పట్టుకుంటుంది. అలాంటి ఎరుపు మన కళ్లకు వెచ్చగా, లోతుగా కనిపిస్తుంది. చవక ఎల్‌ఈడీ కింద మాత్రం బురద ఎరుపే. కారణం, ఆ బల్బు వెలుతురు చూడ్డానికి తెల్లగా ఉన్నా దాంట్లో ముదురు ఎరుపు పాలు చాలా తక్కువ. లేని రంగును బట్ట ఎలా తిప్పి పంపుతుంది? బల్బు డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. వెలుతురు కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే మార్కు అది, నూటికి. ఇళ్లలో వాడే మామూలువి ఎనభై దగ్గర ఉంటాయి. తొంభై దాటింది అడిగి తీసుకోండి. కాస్త ఖరీదెక్కువ. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు ఖర్చుపెట్టదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. బల్బు దొరక్కపోతే పగటి వెలుతురును మించింది లేదు. కలంకారీ పర్సులు, చిన్న పటాలు పెట్టెలో పట్టేస్తాయి. దుపట్టా, చీర పట్టవు. వాటిని గోడకు బిగించి, రెండు పక్కల నుంచీ సమానంగా వెలుతురు పడేలా చూసి తీయాలి.

అన్నీ చేశాక ఫోనులో ఫిల్టరు అనేది ఒకటి ఉంటుంది. ఒక్క మీట నొక్కితే ఇటుక కాస్తా పగడం అవుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! దాని జోలికి వెళ్లొద్దని చిన్నమ్మకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. పద్నాలుగు జతలు తిరిగొచ్చిన అట్టపెట్టె ఆవిడ మంచం కిందే ఉంది.

ఆ పద్నాలుగు జతల్నీ కొత్తగా ఫొటో తీసి బెంగళూరు వాళ్లకే మళ్లీ పంపింది. నేనొద్దన్నాను, వింటుందా! ఇదీ దీని అసలు రంగు, చీరలకు కలుస్తుందేమో చూడండి అని రాసింది. సాయంత్రానికి జవాబొచ్చింది. ఫొటో చాలా బాగుందట, కానీ ఈ రంగు మాకొద్దు అన్నారట. నాకు ఉసూరుమనిపించింది.

"దానికెందుకురా అంత దిగులు?" అంది చిన్నమ్మ. "వొద్దనేది ఇప్పుడే అనేసినారు గదా. పార్సిలు పోయొచ్చినాక కాదు గదా."

ఆ జతల్లో తొమ్మిది తర్వాత అమ్ముడుపోయాయి. ఐదింకా ఉన్నాయి. పండక్కి చిత్తూరు వెళితే చిన్నాయన పసుపు తిరిగిన పంచె కట్టుకుని గుడికి బయల్దేరుతున్నాడు. పెట్టె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.